బెల్‌ఫాస్ట్‌కు రెండో ట్రిప్పు

ఆసుపత్రిలో కోవిడ్ డ్యూటీలు సడలిన మరుసటి ఏడు, ఏప్రిల్ నెలలో, టాఫీ అనే లాబ్రడార్ కుక్కను బెల్‌ఫాస్ట్‌లో దించి రమ్మని నాకు పని అప్పగించారు. అప్పటికి నేను కోవెంట్రీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కన్సల్టెంట్ అనస్థటిస్టును. మన వైపు మత్తు డాక్టరు అంటారు. సెలవు రోజుల్లో నాలుగు సీట్ల చిన్న విమానం నడిపేవాణ్ణి. మత్తు డాక్టరు నడిపే విమానం ఎక్కితే మెలకువ వస్తుందో రాదో అని మా ఆవిడ ఎగతాళి చేసేది. ఆవిడ మాట ఎలా ఉన్నా, కుక్కలు మాత్రం భయం లేకుండా ఎక్కేవి.

ఈ కుక్కలు ఇంట్లో ముద్దుకు పెంచుకునేవి కావు. కిందపడిన వస్తువు తీసివ్వడం, తలుపు లాగడం, మేజోళ్లు విప్పడం, మనిషి పడిపోతే గోడకున్న అలారం మీట నొక్కడం వీటికి నేర్పుతారు. శిక్షణకు రెండేళ్లు పడుతుంది. రోడ్డు మీద, ఓడలో రోజంతా తిప్పితే బడలిక తీరడానికే నాలుగు రోజులు కావాలి. అందుకని ఒక ధర్మసంస్థ మాలాంటి పైలట్లను అడిగి విమానాల్లో పంపేది. పెట్రోలు మాది, టైమూ మాదే. మాకున్న నియమం ఒక్కటే: కుక్కను ముద్దు చేయకూడదు, ఏమీ పెట్టకూడదు. అది ఎవరి చేతి తిండి తింటుందో వాళ్ల పనే చేస్తుంది.

టాఫీ వెళ్లింది ప్రసూన అనే అమ్మాయి దగ్గరికి. కాకినాడలో ఎంబీబీఎస్ చేసి, బెల్‌ఫాస్ట్‌లో రేడియాలజీ ట్రైనీగా చేరింది. వెన్నుపాములో కణితికి ఆపరేషన్ జరిగాక కాళ్లలో పట్టు పోయింది. వీల్‌చెయిర్‌లో కూర్చుని స్కాన్లు చదవడానికి అడ్డేమీ లేదు కాబట్టి ఆసుపత్రి వాళ్లు ఆమె పోస్టు అలాగే ఉంచారు. చిక్కల్లా ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండటం దగ్గరే. తోడుగా వచ్చిన తల్లి సుభద్రమ్మ గారి వీసా జూన్‌తో అయిపోతుంది. ఆలోగా కుక్క కుదురుకుంటే ప్రసూనకు ఉద్యోగం ఉంటుంది. లేకపోతే తల్లితో కలిసి కాకినాడ విమానం ఎక్కాలి.

కుక్కను దించి వచ్చిన మూడు వారాలకు సంస్థ నుంచి మళ్లీ ఫోను. జోడీ కుదరలేదు, టాఫీని వెనక్కి తీసుకురండి అన్నారు. గ్లాస్గోలో ఇంకొకరు దాని కోసం ఏడాదిగా ఎదురు చూస్తున్నారట. నాకు ఒళ్లు మండింది. సముద్రం దాటించి తీసుకెళ్లిన కుక్కను మూడు వారాలకే తిప్పి పంపడమేమిటని సణుక్కుంటూనే, మరునాటికి వాతావరణం చూసుకుని బయలుదేరాను.

ఫ్లాట్‌లోకి అడుగు పెట్టగానే సంగతి సగం అర్థమైంది. ప్రసూన హాల్లో ఉంది. టాఫీ వంటింట్లో సుభద్రమ్మ గారి పాదాల మీద తల పెట్టుకుని పడుకుంది. ఫియోనా అని అక్కడి ట్రైనర్, మొదటి వారం జరిగింది చెప్పింది. సుభద్రమ్మ గారు కుక్కకు రోజూ పెరుగన్నం కలిపి పెట్టారట. ఇంటికొచ్చిన ప్రాణిని, తాము తింటుంటే చూస్తూ కూర్చోబెట్టడం ఆవిడకు చేతకాలేదు. తెలిసిన వెంటనే ఫియోనా మాన్పించింది. ఆవిడా మానేశారు. అయినా కుక్క ఆవిడను వదల్లేదు.

ఎందుకు వదల్లేదో నేను కాఫీ తాగుతుండగానే కనిపించింది. ప్రసూన చేతిలోంచి పెన్ను జారింది. టాఫీ తల ఎత్తింది. అది లేచేలోపు సుభద్రమ్మ గారు వంటింట్లోంచి వచ్చి పెన్ను తీసి కూతురి చేతికిచ్చి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ వెళ్లిపోయారు. కుక్క మళ్లీ తల వాల్చింది.

"అమ్మ టాఫీ కంటే ఫాస్ట్ అంకుల్," అంది ప్రసూన. నవ్వుతూనే అంది కానీ ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

నేను ఫియోనాను పక్కకు పిలిచి నా వృత్తి సంగతి ఒకటి చెప్పాను. ఆపరేషన్ అయ్యాక రోగి తనంతట తాను ఊపిరి అందుకోవలసిన ఘట్టం ఒకటుంటుంది. వెంటిలేటర్ నిండుగా గాలి పంపుతున్నంతసేపు అతను సొంతంగా ప్రయత్నించడు. ఆ అవసరం ఒంటికి తెలియదు. అందుకని మెషీన్ తగ్గించి, మాస్కూ, చేత్తో పిండి గాలి పంపే బ్యాగూ పట్టుకుని, మానిటర్ చూస్తూ ఊరుకోవాలి. ఊరుకోవడమే అక్కడ పని. కొత్త ట్రైనీలకు ఇదే కష్టం. అర నిమిషం తిరక్కుండా కంగారుపడి బ్యాగు పిండేస్తారు. ఈ ఇంట్లో కుక్కదేమీ తప్పు లేదు, దానికి పని మిగలడం లేదు, ఒక్క వారం తల్లిని దూరంగా ఉంచి చూడమని అడిగాను. ఫియోనా సంస్థకు ఫోను చేసి ఒక వారం గడువు తెచ్చింది. రోజుకు రెండుసార్లు తానే వచ్చి చూస్తానంది.

సుభద్రమ్మ గారికి ఆ మాట చెప్పే పని నా మీద పడింది. మింగమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా ఇంట్లో, మా ఆవిడ దగ్గర వారం రోజులు ఉండమని మెల్లగా అడిగాను. ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చున్నారు.

"బాత్రూంలో పడిపోతే ఎవరండి చూసేది? మీరా, నేనా? మీరు కోవెంట్రీలో, నేనూ కోవెంట్రీలో."

దానికి జవాబు ప్రసూన చెప్పింది.

"నువ్వున్నంతకాలం నేను పడనమ్మా. జూన్‌లో నువ్వెళ్లాక పడతాను. ఆ పడేదేదో ఇప్పుడే పడనీ. ఇప్పుడైతే నువ్వు రెండు గంటల్లో రాగలవు."

ఆవిడ నా వైపు తిరిగి అడిగారు: "ఆ కుక్క కూర్చున్న సీటు నాకు సరిపోద్దాండి?"

ఆ రోజు బయలుదేరలేకపోయాం. బెల్‌ఫాస్ట్ నుంచి ఎగిరే చిన్న విమానంలో ఎవరెవరు ఉంటారో ముందుగా అధికారులకు తెలపాలి. నేను రాసిచ్చింది పైలట్ ఒకరు, కుక్క ఒకటి అని. కుక్క పేరు తీసి తల్లి పేరు చేర్చి మళ్లీ పంపాను. మర్నాడు పొద్దున ఆవిడకు లైఫ్‌జాకెట్ తొడిగి, హెడ్‌సెట్ పెట్టి, ముందు సీట్లోనే కూర్చోబెట్టాను. ఐరిష్ సముద్రం దాటేంతవరకు ఆవిడ కిందికి చూడలేదు. ఒడిలో పెట్టుకున్న ఫోన్నే చూశారు. పైన సిగ్నల్ ఉండదని రెండుసార్లు చెప్పాను. అయినా చూశారు.

నాలుగో రోజు సాయంత్రం వీడియో కాల్‌లో ప్రసూన మోచేతికి కట్టు కనిపించింది. తల్లి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పింది. అంతకు ముందు రోజు మంచం మీంచి కుర్చీలోకి మారుతూ జారి పడిందట. టాఫీ వెళ్లి అలారం నొక్కి, వచ్చి పక్కన పడుకుంది. అలారం అందగానే సహాయకులు పావుగంటలో వచ్చి లేవదీశారు.

"నిన్న పడితే నాకివాళా చెప్పేది?" అన్నారు సుభద్రమ్మ గారు.

"చెప్పాల్సిన అవసరం రాలేదమ్మా."

ఫోను పెట్టేశాక ఆవిడ మా వంటింట్లోకి వెళ్లి, ఎవరూ అడక్కుండానే గిన్నెలన్నీ తోమడం మొదలుపెట్టారు. మా ఆవిడ వెళ్లబోతే నేను ఆపాను. చాలాసేపటికి బయటికొచ్చి, జూన్ టికెట్ ఒక్కటే బుక్ చేయమని నన్ను అడిగారు.

వారం గడువు అయ్యాక సంస్థ టాఫీని అక్కడే ఉంచేసింది. ప్రసూన ఇప్పుడు కన్సల్టెంట్. నేను రిటైరయ్యేవరకు ఇంకా చాలా కుక్కల్ని చేరవేశాను. ఆ ట్రిప్పు తర్వాత నా పద్ధతిలో ఒక మార్పు వచ్చింది. వాతావరణం, పెట్రోలు చూసుకోకముందే కుక్క వెళ్లబోయే ఇంటికి ఫోను చేసి ఒక సంగతి అడిగేవాణ్ణి. ఇన్నాళ్లూ ఆ పనులన్నీ ఎవరు చేస్తున్నారు, కుక్క వచ్చాక వాళ్లెక్కడ ఉంటారు? దానికి సరైన జవాబు దొరికేవరకు విమానం తీసేవాణ్ణి కాదు.