మా అత్త ముఖం, రాజ్యలక్ష్మి పాపం

గీసిన బొమ్మ పోస్టులో వెళ్లి, అచ్చయి, తిరిగి బస్సెక్కి మన ఊరు చేరేసరికి మనమేం గీశామో మనకే గుర్తుండని కాలం అది. ఇప్పటి పిల్లలు తెర మీద వేలు పెట్టి ఆకాశం రంగు మార్చేస్తుంటే చూసి ముచ్చటపడతాను గానీ అసూయ మాత్రం పడను. మా చేతిలో అప్పుడున్నవల్లా ఒక నల్లసిరా సీసా, రెండు పాళీలు, గీత తప్పితే గీకడానికో పాత బ్లేడు. వాటితోనే పత్రికాఫీసుల్ని ఏలేద్దామనుకున్నాను. (ఏలానా లేదా అన్నది వేరే సంగతి. అనుకోవడంలో మాత్రం లోటు చెయ్యలేదు.)

మాది సాలూరు. డిగ్రీ అయ్యాక అమ్మ టీచర్ ట్రైనింగన్నది, నేను బొమ్మలన్నాను. "బొమ్మలు గీసుకుని ఎవులైనా బతికేరేటే?" అని అమ్మ నన్ను అడిగి, జవాబు వినకుండానే దరఖాస్తు తెప్పించేసింది. అప్పుడు నా పక్షాన నిలబడింది మా మేనత్త. అత్త అరకులో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్‌కి మేట్రన్. పెళ్లి చేసుకోలేదు. ఆవిడ నడిచొస్తుంటే దారిలో కోళ్లు కూడా పక్కకి తప్పుకునేవి. "ఒక్క ఏడాది నా కాడ వొదిలీ వదినా. పనొచ్చిందా, మంచిదే. రాకపోతే నేనే సెయ్యట్టుకుని తెచ్చి ట్రైనింగులో కూకోబెడతాను" అంది. అత్త మాటకి మా ఇంట్లో ఎదురు లేదు. అలా నా సిరాసీసాతో సహా అరకులో దిగాను. హాస్టల్ వెనక అత్త క్వార్టర్లో ఒక గది నాదయింది. ఆ గది ఉంటే నేను ఆర్టిస్టుని, లేకపోతే ట్రైనింగ్ టీచర్ని. లెక్క అంత తేలిక.

మీ బొమ్మలకి ప్రేరణేమిటండీ అని ఇప్పుడు అడుగుతుంటారు. కొండలూ, మంచూ, కాఫీతోటలూ అని చెబుతాను, వాళ్లూ సంతోషంగా రాసుకుంటారు. నిజానికి కొండలు పాపం ఊరికే వెనకాల పడుంటాయి, నాలుగు గీతలు గీస్తే సరిపోతుంది. నా పెట్టుబడంతా చుట్టుపక్కల వాళ్ల ముఖాలు. మా కథల్లో హీరోలందరికీ పాడేరు బస్సు కండక్టరు ముక్కుండేది. జమీందార్లందరికీ మా పాస్టరు గారి బుగ్గలుండేవి. అడిగి తీసుకునే అలవాటు నాకు లేదు, అడిగితే ఎవరిస్తారు?

వచ్చిన కొన్నాళ్లకే ఒక వారపత్రికవాళ్లు ఏకంగా సీరియల్ ఇచ్చారు. అప్పట్లో సీరియల్‌కి బొమ్మలేసే పద్ధతి ఒకటుంది. కథంతా ముందు చేతికివ్వరు. ఏ వారం భాగం ఆ వారం పోస్టులో వస్తుంది, చదివి బొమ్మ గీసి పంపాలి. పై వారం ఏం జరుగుతుందో నాకే కాదు, ఎక్కడో రాజమండ్రిలో కూర్చుని రాస్తున్న రచయిత్రి గారికి కూడా తెలిసుండదని నా అనుమానం. మొదటి భాగంలో రాజ్యలక్ష్మి అనే ఆవిడ కొత్త కోడలికి హారతిస్తూ గుమ్మంలో నిలబడుతుంది. "చల్లని చూపు, గంభీరమైన రూపం, పదిమందికి నీడనిచ్చే తల్లి" అని రాశారు. చదివి తలెత్తేసరికి ఎదురుగా మా అత్త, దొడ్లో పిల్లలకి తలంటుతోంది. మందపాటి కళ్లద్దాలు, బిగించిన ముడి, కింది పెదవి పక్కన పుట్టుమచ్చ. ఇంకెక్కడికో వెతుక్కుంటూ పోవడమెందుకని ఆవిడనే గీసేశాను.

పత్రిక వచ్చిన రోజు అత్త ఆ పేజీని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. "నా నుదుట బొట్టెట్టేవేటే?" అంది. కథలో వాళ్లు హిందువులత్తా అన్నాను. "మరి పాస్టరు గారు సూత్తే?" అంటూనే ఆ పత్రిక పట్టుకెళ్లి ముందు పాస్టరు గారికే చూపించింది. మర్నాటికి హాస్టల్ నోటీసు బోర్డు మీద ప్రార్థన వేళల పక్కన రాజ్యలక్ష్మి హారతి పళ్లెంతో నిలబడింది. హాస్టల్ పిల్లలంతా ముంచింగిపుట్టు వైపు కొండ ఊళ్లవాళ్లు. సాయంత్రం చదువు గంటలో ఒకమ్మాయి సీరియల్ పైకి చదివితే మిగతావాళ్లు చుట్టూ చేరి వినేవారు. చదివేది గంటమ్మ. అసలు పేరు వేరే ఉంది గానీ హాస్టల్ గంట కొట్టే పని ఆ పిల్లది కాబట్టి అందరికీ గంటమ్మే. శుక్రవారం సంతలో కూరలమ్మే ఆవిడ కూడా అత్తని గుర్తుపట్టి గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరేసింది. అత్త నడకలో ఠీవి ఇంకాస్త పెరిగింది. నేను మహా గర్వంగా ఉన్నాను.

ఒక వారం "రాజ్యలక్ష్మి కళ్లలో ఏదో మెరిసింది" అన్న వాక్యం వచ్చింది. నేను దాన్ని ఆప్యాయత అనుకుని గీశాను. ఆ పై వారం కవరు విప్పి చదివి, నమ్మలేక మళ్లీ మొదటినుంచి చదివాను. ఆస్తి కోసం కోడల్ని చంపాలని రాజ్యలక్ష్మి పాలగ్లాసులో తెల్లటి పొడి కలుపుతోంది. కింద పత్రికవాళ్లు ఎర్రసిరాతో రాశారు, "ఈ దృశ్యమే బొమ్మ వేయగలరు" అని.

వేశాను. ఏం చెయ్యను, మొదటి సీరియల్. పుట్టుమచ్చ కొంచెం చిన్నది చేశాను గానీ దానివల్ల అత్త ఇంకా అందంగా కనబడింది తప్ప ఇంకొకరిలా కనబడలేదు. ఆ వారం పత్రిక హాస్టల్‌కి చేరకుండా చూద్దామని బస్సు దగ్గర కాపు కాశాను. నేను బస్సు ముందు నిలబడితే వెనక నుంచి గంటమ్మ తీసుకుపోయింది.

మర్నాడు పొద్దున్నే తెలిసింది ఫలితం. మిషన్‌కి విదేశాల నుంచి పాలపొడి డబ్బాలొచ్చేవి. అత్త రోజూ స్వయంగా ఆ పొడిని వేడినీళ్లలో కలిపి, బారులు తీరిన పిల్లలకి గ్లాసుల్లో పోసేది. తెల్లటి పొడి, పాలగ్లాసు, ఆ కళ్లద్దాలు, ఆ ముడి. ఒక్క పిల్లా గ్లాసు ముట్టుకోలేదు. "ఏటర్రా, ఏటయింది మీకు? బేగి తాగండి, బడికి టైమైపోతంది" అంది అత్త. అంతా తలలొంచుకున్నారు. వెనక వరసలోంచి ఒక గొంతు మెల్లిగా, "రాజ్యలక్ష్మమ్మ కలిపిన పాలు మాకొద్దు" అంది. అత్త మొదట నవ్వేసింది. ఇదిగో సూడండి అని గ్లాసెత్తి గటగటా తాగి చూపించింది. అలా ఆ వారం రోజూ ముందు ఆవిడ తాగడం, తర్వాత పిల్లలు మొహమాటంగా కాస్త గుటకెయ్యడం. ఏదో గట్టెక్కామనుకుంటుంటే పై వారం భాగం వచ్చింది. అందులో కోడలికి నమ్మకం కలగాలని రాజ్యలక్ష్మి ముందు తన గ్లాసు తాగి చూపిస్తుంది.

ఇక గ్లాసులు నిండినవి నిండినట్టే ఉండిపోయాయి. సంతలో కూరలావిడ అత్తని నిలదీసింది, "ఎందుకమ్మా ఆ కోడలు గుంటనలగ సేత్తన్నావు, దేవుడు సూడడేటి?" అని. మిరపకాయలు కొసరడం మానేసింది. అత్త ఇంటికొచ్చి సంచీ గోడకి విసిరి, "రేపొచ్చే బొమ్మలో నా ముకం ఉండకూడదు. ముకం మార్సీ, నేదంటే మూట కట్టీ" అంది.

పరుగున వెళ్లి ఎస్టీడీ బూత్ నుంచి ఎడిటరు గారికి ఫోన్ చేశాను. ఆయన తాపీగా, "సగం సీరియల్లో పాత్రకి ముఖం మారిస్తే పాఠకులు నన్ను తంతారమ్మా. మీకు వీలుకాదంటే చెప్పండి, వేరేవాళ్లతో వేయిస్తాం" అన్నారు. ముఖం మారిస్తే సీరియల్ పోతుంది, మార్చకపోతే గది పోతుంది. ఎటుపోయినా దారి సాలూరు ట్రైనింగ్ స్కూలుకే. బూత్‌లోంచి బయటికొచ్చి కొండల్ని తిట్టుకున్నాను. వాటి తప్పేం లేదు, ఎదురుగా ఉన్నాయంతే.

ఆ సాయంత్రం అత్త అన్నం తినలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, "ఇన్నేళ్లు పేలు తీసి, జొరాలొత్తే ఒళ్లో పడుకోబెట్టుకున్నానే. ఓ బొమ్మ సూసి నన్ను నమ్మడం మానీసేరు" అంది. కోపం అయితే భరించేదాన్ని. ఆ గొంతులో కోపం లేదు. నాకు ఏడుపొచ్చింది. బొమ్మలు గీయడం మొదలుపెట్టాక నా బొమ్మ వల్ల ఒకరు బాధపడటం అదే మొదలు.

ఒక రోజు గడిచి ఆదివారం వచ్చింది. వేరే కథకి ఒక కొండపిల్ల బొమ్మ కావాల్సి గంటమ్మని కూర్చోబెట్టుకున్నాను. చెయ్యి గీస్తోంది గానీ మనసు లేదు. ఉండబట్టలేక అడిగేశాను, నిజంగానే అమ్మగారంటే భయమేస్తోందా మీకు అని.

గంటమ్మ నన్ను జాలిగా చూసింది. "కతని కతనుకోమేటక్కా మేము? అమ్మగారు బంగారం. పాలే మాకు సయించవు."

"సయించకపోవడమేంటి?"

"మా ఊళ్లల్లో ఆవుని పితకరు. అది దూడది కదా. దూడ నోటికాడిది లాగీసుకుంటే పాపం కాదేటి?"

"ఇది పొడి కదే, ఇక్కడ ఆవేదీ?"

"పొడి సేసినా అది ఎక్కడో ఓ దూడదే కదక్కా."

మరి ఇన్నేళ్లూ ఎలా తాగారని అడిగితే, "అమ్మగారు తెల్లారకుండా లేచి కలుపుతాది. వొద్దంటే బాధపడతాదని ముక్కు మూసుకుని మింగీవోళ్లం. నీ కతొచ్చినాక ఓ సాకు దొరికింది" అంది. అంతటితో ఆగకుండా, "కదలొద్దన్నావు, ఇంక గియ్యి" అని నన్నే గదమాయించింది.

కాగితం అక్కడే వదిలేసి అత్త దగ్గరికి పరుగెత్తాను. మొత్తం విని అత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్లీ తీసి తుడిచింది. "ముక్కు మూసుకుని తాగీవోరా నా కోసం? గుంటలు..." అని ఆగిపోయి, చరచరా వంటింట్లోకి వెళ్లి చోళ్లపిండి, అదే రాగిపిండి, డబ్బా దించింది. మర్నాటి నుంచి పొద్దున్న చోడి అంబలి. గ్లాసులు ఖాళీ అవడమే కాదు, రెండోసారి కూడా వచ్చి పట్టారు. పాలపొడి డబ్బాలు పాస్టరు గారింటికి వెళ్లాయి. ఆయన అభ్యంతరమేం చెప్పలేదు, టీ మాత్రం చిక్కబడింది. ఆ సాయంత్రం అత్త నా గదిలోకొచ్చి, "ముకం మార్సకు. మొదలెట్టేవు కదా, కడదాకా నన్నే గియ్యి" అంది.

చివరి భాగం వచ్చింది. రాజ్యలక్ష్మిని పోలీసులు తీసుకుపోతారు. "సిగ్గుతో తల దించుకుని, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని జీపెక్కింది" అని ఉంది. హాస్టల్ వాకిట్లో అత్తని నిలబెట్టి చేతులకి తువ్వాలు కట్టాను. గంటమ్మ గంట కొట్టే కర్ర పట్టుకుని కానిస్టేబులయింది. మిగతా పిల్లలు గోడెక్కి కూర్చుని నవ్వులు. అంతా బాగానే ఉంది గానీ అత్త తల దించదు.

"అత్తా, కొంచెం దించు. కథలో అలా ఉంది."

"కోడలికి మందెట్టింది నేనా? ఆ రాజమండ్రావిడ. తప్పు ఆవిడ సేసి నన్ను దించమంటాదేటి తల? గియ్యి, ఇలగే గియ్యి."

నేను గీశాను. గడ్డం ఎత్తి, జీపు కేసి కాకుండా చూసేవాళ్ల కేసి సూటిగా చూస్తూ, పక్కన కానిస్టేబులే ఆవిడ వెనక బెదురుతూ నడుస్తున్నట్టు. నా చేతిలోంచి అంతవరకు అలాంటి బొమ్మ రాలేదు. బొమ్మ అందిందా అని బూత్ నుంచి ఫోన్ చేస్తే ఎడిటరు గారు, "రాసిందేంటమ్మా, మీరు గీసిందేంటి? తల దించి మళ్లీ గీసి పంపండి" అన్నారు. "ఆవిడ దించరండీ. నేను అడిగి చూశాను" అన్నాను. టైము లేక అదే అచ్చు వేశారు. రాజ్యలక్ష్మి అసలు నేరం చేసిందా లేదా అని పాఠకులు తగువులాడుకున్నారట. రచయిత్రి గారు నా మీద నిప్పులు చెరిగారట. ఎడిటరు గారు మాత్రం ఆ తర్వాత రెండు సీరియల్స్ నాకే ఇచ్చారు. ఏడాది గడిచింది, ట్రైనింగ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ పేజీని పిల్లలు అంబలి మెతుకులతో వంటింటి గోడకి అంటించారు. పొగకి అది నల్లబడేదాకా అత్త దాన్ని తియ్యనివ్వలేదు.

ఇప్పుడు నాకు పెద్ద తెరా, ముందే మొత్తం కథ పంపే మర్యాదస్థులైన ప్రచురణకర్తలూ ఉన్నారు. మొన్న ఒకాయన, నేను గీసిన ముసలమ్మ మరీ ధీమాగా ఉంది, కొంచెం అణకువగా చెయ్యగలరా అని మెయిలిచ్చాడు. కుదరదని రాద్దామని కూర్చున్నాను. అరకు ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఎడిటరుకి ఎదురు చెప్పిన ఆ సాలూరు గుంట నా భుజం మీంచి తొంగిచూస్తున్నట్టే అనిపించింది. అయినా ముసలమ్మ గడ్డం రవ్వంత కిందికి దించి పంపేశాను. నాకే నవ్వొచ్చింది. సాయంత్రం అత్తకి ఫోన్ చేసినప్పుడు అన్నీ చెప్పాను గానీ, అది మాత్రం చెప్పలేదు.