గ్రహణం నాడు నేను గదిలోనే ఉన్నాను

మొన్న టీవీలో గ్రహణం గురించి చెబుతుంటే మా అబ్బాయి తన కూతురితో, "మీ నానమ్మ నేను కడుపులో ఉండగా గ్రహణం చూసింది, అందుకే నా పెదవికి ఈ కుట్లు" అని నవ్వాడు. నేనూ నవ్వాను. నలభై ఏళ్లకు పైగా నవ్వుతూనే ఉన్నాను, సిగ్గులేకుండా.

చూపించింది మా చిన్నాన్నట. ఆయన ఖగోళ శాస్త్రవేత్త. ఎక్కడో కొండమీద అబ్జర్వేటరీలో పనిచేసి, గుండెజబ్బుతో ఉద్యోగం వదులుకుని, డెబ్బైల్లో నర్సీపట్నం వచ్చేశాడు. ఊరికే కూర్చోలేని మనిషి. ఏటికొప్పాకలో గ్రహాలన్నిటినీ లక్క బొమ్మలుగా చేయించి, సంచిలో వేసుకుని, బస్సెక్కి రావికమతం దాకా బడులన్నీ తిరిగేవాడు. శనిగ్రహం వలయం విరిగితే పిన్ని గాజు తొడిగేశాడు. పిల్లలు ఎదురుచూసేవాళ్లు. ఆయన బతికిందే ఆ బడుల కోసం.

ఎనభైలు మొదలవుతుండగా పెద్ద సూర్యగ్రహణం వచ్చింది. హైస్కూలు మైదానంలో టెలిస్కోపు పెట్టి, సూర్యుడి బింబాన్ని తెల్లగుడ్డ మీద చూపిస్తానన్నాడు. "కడుపుతో ఉన్నోళ్లూ రావచ్చు, మా అమ్మాయే ముందొస్తుంది" అని ఊరంతా చెప్పాడు. నాకప్పుడు మూడో నెల. వస్తానన్నాను. తీరా ఆ రోజు మా అత్తగారు నన్ను చీకటిగదిలో పడుకోబెట్టి, గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. "కదిల్తే బిడ్డకి మొర్రే. గోక్కోకు కూడాను" అంది. దోమ కుట్టినా గోక్కోలేదు. అంత బుద్ధిమంతురాలిని.

అయినా బాబు చీలిన పెదవితో పుట్టాడు. గ్రహణం మొర్రి అన్నారు. కోడలు గదిలో కదిలిందంటే కాపలా కూర్చున్న అత్తగారికీ మాట వస్తుంది. అందుకని అడిగినవాళ్లకల్లా, "ఏటి సెప్పమంటారు, ఆళ్ల సిన్నాన్న తీసుకెళ్లి సూపించీసేడు" అనేది. నేను కాదనలేదు. కాదంటే ఆ నేరం నా మీదికే వచ్చేది.

చిన్నాన్న బాబును చూడటానికి వచ్చినప్పుడు పక్కింటావిడ ఆ మాట ఆయన ముఖానే అనేసింది. ఆయన నా వంక చూశాడు. నేను బాబు దుప్పటి సర్దాను. "ఆపరేషన్‌తో సరిపోద్దమ్మా, బేగి విశాఖ తీసుకెళ్లండి" అని మాత్రం అని వెళ్లిపోయాడు. ఆ నెలలోనే బలిఘట్టం బడి హెడ్మాస్టరు, "తల్లులు గొడవ చేస్తన్నారండీ, ఇక రాకండి" అన్నాడు. తర్వాత ఒక్కో బడీ మూసుకుంది. బాబు పెదవి అతుక్కుంది గాని ఆయన మళ్లీ బస్సెక్కలేదు. రెండేళ్లకు పోయాడు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. నలభై ఏళ్లకు మించిన నిలకడ ఏముంటుంది? ఇంకా తెలియలేదు, ఎందుకంటే నేను చెప్పలేదు.