ఒత్తులు లేని బోర్డు

మా ఆవిడ ఇప్పుడేం చేస్తోందని అడగని మనిషి లేడు. మందుల షాపాయన అడుగుతాడు. పాలు పోసేవాడు అడుగుతాడు. పదేళ్ళ కిందట నా చేత బోర్డు రాయించుకున్న టైర్ల దుకాణం వాడు నడిరోడ్డు మీద బండి ఆపి మరీ అడుగుతాడు, "మేడంగారు డిగ్రీ పాసయ్యారటగా! తర్వాతేంటి?" అని. నేనేం చేస్తున్నానో మాత్రం ఎవడికీ అక్కర్లేదు. అందుకని అందరికీ కలిపి ఒక్కసారే చెప్పేస్తాను.

నలభై ఆరేళ్ళ వయసులో, తనకన్నా పాతికేళ్ళు చిన్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, చిత్రకళలో డిగ్రీ పూర్తి చేసింది. ఫస్టు క్లాసు. పట్టా మా హాల్లో గోడకు వేలాడుతోంది. ఇదివరకు ఆ చోట నా షీల్డు ఉండేది, పెయింటర్ల సంఘం వాళ్ళిచ్చింది. ఇప్పుడది టీవీ వెనక్కు చేరింది. తీసి అక్కడ పెట్టింది ఆమె కాదు, నేనే. పట్టా పక్కన అది మరీ చిన్నదైపోయి కనబడింది.

వారానికి మూడు రోజులు ఒక స్కూల్లో డ్రాయింగు చెబుతోంది. ఎవరో డాక్టరు తన ఆస్పత్రి గోడ మీద పెద్ద బొమ్మ వేయమన్నాడు. ఆ ఆస్పత్రి బోర్డు రాసింది నేను. గోడ సంగతి నాతో మాట మాత్రం అనలేదు. నాకు కడుపు మండింది. దాచడం దేనికి?

ముప్పయ్యేళ్ళుగా నేను బోర్డులు రాస్తున్నాను. మా వీధిలో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ 'ఆర్టిస్టు గారి'నే. రాసిన ప్రతి బోర్డు మీదా కింద కుడి మూలన 'ఆర్టిస్టు' అని సంతకం చేస్తాను. నా ఆస్తి ఏదైనా ఉందంటే ఆ మాటే. ఇప్పుడు దానికి కూడా ఎసరొచ్చింది. మొన్న పార్సిలు తెచ్చినతను గుమ్మంలో నిలబడి, "ఆర్టిస్టు గారిల్లు ఇదేనాండీ?" అన్నాడు. "నేనే" అని చెయ్యి చాపాను. అతను చీటీ చూసుకుని, "మీరు కాదండీ, మేడంగారు" అన్నాడు. చేసేది లేక ఆవిడ భర్తగా సంతకం పెట్టి తీసుకున్నాను. లోపల చిటికెన వేలంత రంగు ట్యూబులు పన్నెండు ఉన్నాయి. నేను బతుకంతా డబ్బాల్లో ముంచి రాసినవాణ్ణి.

అసలు ఆమెకు కుంచె పట్టించింది ఎవరనుకున్నారు? పెళ్ళైన కొత్తలో నేను రాస్తుంటే పక్కన నిలబడి చూసేది. ఊరికే నిలబడ్డం ఎందుకని సన్న కుంచె చేతికిచ్చి, "ఒత్తులు నువ్వు పెట్టు" అన్నాను. అప్పట్నుంచీ అదే పద్ధతి. రేకు మీద సుద్ద దారం కొట్టి, తలకట్లూ గుడులూ కొమ్ములూ సహా నేను వరసగా రాసుకుంటూ పోతాను. వెనకాలే ఆమె ఒత్తులు పెట్టుకుంటూ వస్తుంది. కాలేజీకి వెళ్ళే రోజుల్లో కూడా నేను రాసి స్టాండు మీద ఉంచితే, పొద్దున్నే ఒత్తులు పెట్టి, కుంచె కడిగి మరీ బస్సెక్కేది. ఇరవై నాలుగేళ్ళు. ఒత్తు అంటే ఏముంది, తోకే కదా అనుకునేవాణ్ణి.

చదువుకుంటానని ఆమె అడిగినప్పుడు, "చదువుకో, ఎవరొద్దన్నారు?" అన్నాను. రెండు నెలల్లో విసుగొచ్చి మానేస్తుందని నా లెక్క. మానలేదు సరికదా, నాకే పాఠాలు మొదలుపెట్టింది. ఒకరోజు నా బోర్డు ముందు తల ఒక పక్కకు వంచి నిలబడి, "ఏమండీ, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఖాళీ కూడా ఒక ఆకారమేనండీ" అంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

చివరి ఏడాది ప్రదర్శనకు నన్నూ తీసుకెళ్ళింది. గోడంత తెల్లటి గుడ్డ మీద ఒత్తులే ఒత్తులు. క ఒత్తు, మ ఒత్తు, య ఒత్తు, వరసలు వరసలుగా. పైన అక్షరాలు లేవు, ఖాళీ. వాళ్ళ ప్రొఫెసరు చేతులు కట్టుకుని చాలాసేపు చూసి, "అద్భుతం" అన్నాడు.

"అక్షరాలేవీ?" అన్నాను నేను.

"అవి మీ దగ్గర ఉన్నాయిగా" అని నవ్వింది.

లోపం దొరుకుతుందేమోనని బొమ్మంతా గాలించాను. దొరికింది. కింద కుడి మూలన, పేరు రాసుకోవాల్సిన చోట, పేరు లేదు. పక్కపక్కన రెండు ట ఒత్తులు మాత్రం ఉన్నాయి. అంత చదివి సంతకం పెట్టడం మరిచిపోయిందని లోలోపల పండగ చేసుకున్నాను. ఆమెకు చెప్పలేదు కూడా.

ఇక అసలు విషయం. పోయిన నెల మందుల షాపు పైగది అద్దెకు తీసుకుంది, సొంతంగా తరగతులు పెట్టడానికి. "బోర్డు మీరే రాయాలి" అంది. సరేనన్నాను. ఈ ఒక్క బోర్డు మీద మాత్రం ఆమె చెయ్యి పడకూడదని లోపల గట్టిగా పట్టుబట్టాను. ఆ ఖాళీల పాఠం మళ్ళీ వినే ఓపిక నాకు లేదు. పట్టా ఉన్నవాళ్ళ బోర్డు పట్టా లేనివాడు ఒంటి చేత్తో ఎలా రాస్తాడో వీధి వీధంతా చూడాలి. ఆమె స్కూలుకు వెళ్ళిన మధ్యాహ్నం కూర్చుని, ఒక్క వణుకు లేకుండా, నీలం మీద తెలుపుతో రాసేశాను. ఆరాక గోనెపట్టా చుట్టి దాచాను. తరగతులు మొదలయ్యే శనివారం పొద్దున్నే, ఆమె తల దువ్వుకుంటుండగా వెళ్ళి, నిచ్చెనేసి గోడకు బిగించి, కింద టీ కొట్టు దగ్గర దర్జాగా నిలబడ్డాను.

మొదట మందుల షాపాయన వచ్చాడు. షట్టరు ఎత్తబోతూ తల పైకెత్తి, పైకే చదివాడు.

"చితకళ తరగతులు."

నాకు అర్థం కాలేదు. ఆయన ఊరుకోకుండా కింది వరస కూడా చదివాడు. "పెదలకు, పిలలకు."

ఈలోగా పదిమంది పోగయ్యారు. మూడో వరస అందరూ కలిసి చదివారు. "పతి శని, ఆదివారాలు." వీధి గొల్లున నవ్వింది. "మిగతా వాటి సంగతేమో గానీ, మూడోది మాత్రం కరెక్టే లెండి!" అన్నాడు మందుల షాపాయన.

తల ఎత్తి చూశాను. చిత్రకళలో ఒత్తు లేదు. పెద్దలకు లేదు, పిల్లలకు లేదు. ప్రతి కాస్తా పతి అయి కూర్చుంది. బోర్డు మొత్తం మీద ఒక్క ఒత్తు లేదు. ఈ ఇరవై నాలుగేళ్ళలో నా కన్ను అక్షరం కిందికి దిగిందే లేదు కాబోలు.

కుర్చీలు మోసుకొస్తున్న మా బావమరిది వాటిని నేల మీద పడేశాడు. "బావగారూ, కుళ్ళు ఉంటే ఉండొచ్చు. మరీ మా అక్కకు చితి పేరుస్తారా?"

"కావాలని చెయ్యలేదయ్యా!" అన్నాను. నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడే ఆమె వచ్చింది. వెంట తరగతుల్లో చేరడానికి వచ్చిన పిల్లలూ, వాళ్ళ తల్లులూ, ఒక రిటైరైన గుమాస్తా. నవ్వులు ఆగిపోయాయి. ఆమె బోర్డు పై వరస నుంచి కుడి మూల దాకా నిదానంగా చదివింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడిస్తే నేను ఏమైపోవాలో తెలియలేదు.

"ఒరేయ్, ఆపు" అంది తమ్ముడితో. "కావాలని చేసేవాళ్ళు ఒక్క ఒత్తు తీస్తారు. ఈయన అన్నీ నాకోసం వదిలారు. అలవాటురా."

అక్కడితో ఊరుకుంటే నా పరువు దక్కేది. ఊరుకోలేకపోయాను. "నీకోసం వదల్లేదు. దీని మీద నీ చెయ్యి పడకూడదనే రాశాను" అన్నాను, అందరూ వింటుండగానే.

"తెలుసు" అంది. "గోనెపట్టా చుట్టి దాచినప్పుడే తెలుసు."

కొంగు బొడ్లో దోపి, నా పనిసంచీలోంచి సన్న కుంచే, తెల్లరంగు డబ్బా తీసుకుని నిచ్చెన ఎక్కింది. నేను కింద పట్టుకున్నాను. చితను చిత్రం చేసింది. పెద్దల్నీ పిల్లల్నీ బాగుచేసింది. పతిని ప్రతి చేసింది. నాలుగు ఒత్తులు, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె చెయ్యి తగిలాక నా అక్షరాలు సర్దుకుని కూర్చున్నట్టు కనబడ్డాయి. మళ్ళీ మండింది నాకు.

కుడి మూలకు వచ్చి ఆగింది. అక్కడ నా సంతకం ఉంది. 'ఆరిసు' అని.

"ఇది మీది" అంది పైనుంచి. "నా చెయ్యి వద్దంటే ఇలాగే ఉంచేస్తాను. చెప్పండి."

వీధంతా నా వైపు చూస్తోంది. ఆరిసు. ముప్పయ్యేళ్ళు బోర్డులు రాసిన చేత్తో ఒంటరిగా రాసుకుంటే మిగిలింది అదీ.

"పెట్టు" అన్నాను.

వినపడనట్టు చూసింది. "పెట్టవే, నీకు దండం పెడతాను" అన్నాను గట్టిగా.

రి కింద ఒకటి పెట్టింది. సు కింద ఒకటి పెట్టింది. రెండు ట ఒత్తులు, పక్కపక్కన.

నిచ్చెన వదలకుండానే తలెత్తి వాటినే చూశాను. ఆ రెండింటినీ అదే వరసలో, అంతే ఎడంగా, అదే కుడి మూలన నేను ఇంతకుముందు చూశాను. అంత పెద్ద తెల్లగుడ్డ మీద ఆమె సంతకం పెట్టడం ఏమీ మరిచిపోలేదు.