ఉయ్యాల కన్నా ఎత్తున్న కుక్క

పొద్దున మా బీదర్ గాంధీ గంజ్‌లో ఒక పసివాడు పెద్ద కుక్క వీపు పట్టుకుని తప్పటడుగులు వేస్తున్నాడు. ఇన్నేళ్లకూ నాకు అదే కుళ్లు!

మన ఈడు వాళ్లకు చెక్క ఉయ్యాల గుర్తుందా? నేలకు మూరెడు ఎత్తులో, ఆముదం వాసనతో ఊగేది. కర్ణాటకను ఇంకా మైసూరు రాష్ట్రమనే పిలిచే రోజులవి. తమ్ముడు పుట్టగానే నాయనమ్మ నా కుక్క మోతిని ఉయ్యాల పక్కన నిలబెట్టి చూసింది.

"ఉయ్యాల కన్న ఎత్తున్నది. గింత పెద్ద కుక్క పసిపోరడున్న ఇంట్ల ఉండొద్దు," అంది.

మోతిని చింతకి అనే ఊళ్లో మామ ఇంటికి పంపేశారు. నెల రోజులు నేను తమ్ముణ్ణి ముట్టుకోలేదు.

మరుసటేడు చింతకి వెళ్తే, అప్పుడే నడక నేర్చుకుంటున్న మామ కూతురు మోతి వీపు పట్టుకుని వాకిలంతా తిరుగుతోంది.

"ఇంత పెద్ద కుక్క, పిల్లను పడేస్తే ఎట్ల మామా?" అన్నాను ఉక్రోషంగా.

"పెద్దగున్నందుకే గదనే, పిల్ల చెయ్యి దాని వీపుకు అందుతాంది. నేను గీడ్నే కూసున్న గదా!" అని నవ్వాడు.

"మోతీ!" అని పిలిచాను. తోకైతే ఊపింది గానీ, ఆ పిల్ల చెయ్యి తీసేదాకా కదల్లేదు.