ఓయివా దాచిన మంచు

ఫిన్‌లాండ్‌లోని హౌకిమాకి అనే ఊళ్ళో ఎండ కాస్తే మొహం మాడ్చుకునే మనిషి ఒక్కడే ఉన్నాడు. అతని పేరు ఓయివా. జూన్ వచ్చిందంటే ఊరు ఊరంతా చొక్కాలు విప్పేసి చెరువు గట్టున ఎండుచేపల్లా వరసగా పడుకునేది. ఓయివా మాత్రం గుమ్మంలో నిలబడి, సూర్యుణ్ణి పెరట్లో దూరిన దొంగను చూసినట్టు చూసేవాడు. పాపం, అతని ఉద్యోగం అలాంటిది. ఎండాకాలమంతా మంచును కాపాడాలి.

ఏప్రిల్లో స్కీ బాట మీద మిగిలిన మంచునంతా చెరువు వెనక, దేవదారు చెట్ల నీడన కుప్ప పోసేవారు. కలప మిల్లు నుంచి రంపపు పొట్టు తెచ్చి, దాని మీద మోకాలి లోతున కప్పేవారు. అక్కణ్ణుంచి అది ఓయివా పూచీ. రోజూ చుట్టూ తిరిగి, అరచెయ్యి పొట్టులో దూర్చి చల్లదనం చూసుకునేవాడు. కుందేలు బొరియ చేస్తే పూడ్చేవాడు. వాన పొట్టును కోసేస్తే తడిమి సరిచేసేవాడు. నవంబరు చివర కుప్ప విప్పి, ఆ మంచు చెరువు చుట్టూ పరిస్తే, దాని మీద ఆ ఏడాది మొదటి స్కీ పోటీలు జరిగేవి. తాతల నాటి పోటీలవి. నార్వే వాళ్ళూ స్వీడన్ వాళ్ళూ శని, ఆదివారాలకు దిగిపోయేవారు. కొన్నేళ్ళుగా నవంబరులో ఆకాశం వాన తప్ప ఏమీ రాల్చడం లేదు కాబట్టి, ఓయివా మంచు లేకపోతే వాళ్ళు బురదలో స్కీయింగ్ చేయాల్సిందే.

ఓయివాకు పెళ్ళి కాలేదు. ఆ కుప్పే అతని పెళ్ళామని ఊళ్ళో ఎగతాళి. "మీ ఆవిడ ఇంకా దుప్పటి తీయలేదా?" అని బేకరీ ఆమె అడిగేది. "లావుగా ఉంటుందే గానీ చల్లని మనిషి" అని అతను బన్ను అందుకుని వెళ్ళిపోయేవాడు. అతను వేసే జోకు అదొక్కటే. ఏళ్ళ తరబడి అదే వేశాడు, వాళ్ళూ ఏళ్ళ తరబడి నవ్వారు.

ఆ ఏడాది అతనికి ఆఖరిది. వచ్చే ఏటి నుంచి మంచు తయారుచేసే యంత్రం కొనాలని ఊరి సంఘం తీర్మానించింది. ఓయివాను ముందు వరసలో కూర్చోబెట్టి, కాఫీ ఫ్లాస్కు ఒకటి బహూకరించి, చప్పట్లు కొట్టారు. అతనికి ఫ్లాస్కు అక్కర్లేదు. ఇంకొక్కసారి, ఆఖరుసారి, తన మంచు మీద స్కీలు జారుతుంటే చూడాలని ఉంది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. హౌకిమాకిలో మనసులో కోరిక పైకి చెప్పడం, బట్టల్లేకుండా బజార్లో నిలబడటం కన్నా సిగ్గుచేటు.

సరిగ్గా పోటీలకు వారం ఉందనగా మంచు పడింది. అలా ఇలా కాదు, కార్లు కనబడకుండా పడింది. బాట బాధ్యతంతా చూసే మర్యుక్క అనే ఆవిడ ఆనందం పట్టలేక ఆఫీసు ముందు వెల్లకిలా పడుకుని చేతులాడించింది. లేచి, ఒళ్ళు దులుపుకుంటూ ఓయివా దగ్గరికొచ్చింది. చిన్నా పెద్దా అందరూ పేరు పెట్టే పిలుచుకునే ఊరది.

"ఓయివా, ఈసారి నీ కుప్ప విప్పక్కర్లేదు. హాయిగా కూర్చుని పోటీలు చూడు" అంది.

"ఊఁ" అన్నాడు ఓయివా.

విందుకు వండిపెట్టుకుని కూర్చుంటే, వచ్చిన చుట్టాలు దారిలో హోటల్లో తినేసి వచ్చామన్నట్టయింది అతనికి. ఇంటికెళ్ళి, కిటికీ లోంచి రాలుతున్న మంచును చూస్తూ, దాన్ని నానా తిట్లూ తిట్టాడు. జూన్‌లో ఊరు ఎండకు సంతోషిస్తే ఏడ్చాడు, నవంబరులో మంచుకు సంతోషిస్తే ఏడుస్తున్నాడు. ఇలాంటి మనిషిని దేవుడు మాత్రం ఏం పెట్టి తృప్తిపరుస్తాడు?

శుక్రవారం ఇంకా తెల్లవారకముందే ఓయివా పార భుజాన వేసుకుని బయల్దేరాడు. అతని ఆలోచన చిన్నది. స్కీ బాట కుప్ప పక్కగా వంపు తిరిగే చోట, మంచం పట్టేంత మేర కొత్త మంచు తీసేసి, కుప్ప లోంచి తన మంచు కాస్త తీసి అక్కడ నింపుతాడు. తెలుపు తెలుపులో కలిసిపోతుంది. రేపు ప్రతి ఆటగాడూ ఆ మంచమంత మేర ఓయివా మంచు మీద జారి వెళ్తాడు. ఆ సంగతి తనకొక్కడికే తెలిస్తే చాలు.

మంచమంత మేరలో సగమైనా తీయకముందే పక్కింటి సులో కుక్కతో అటుగా వచ్చాడు. సులోకు, ఓయివాకు గోళీలాడిన నాటి స్నేహం. సులో నిలబడి చూశాడు. ఏం చేస్తున్నావని అడగలేదు. ఆ ఊళ్ళో పని చేస్తున్న మనిషిని ఎందుకు చేస్తున్నావని అడగడం అతని తెలివిని శంకించడమే. జేబుల్లో చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడటం అంతకన్నా అప్రతిష్ఠ. ఊరి పని ఏదైనా సరే, జీతం లేకుండా అందరూ కలిసి చేయాలి, చివర్లో కాఫీ తాగి, బన్ను తిని పోవాలి. సులో కుక్కను చెట్టుకు కట్టేసి, ఇంటికెళ్ళి పార తెచ్చుకుని, ఓయివా పక్కన తవ్వడం మొదలుపెట్టాడు.

"సులో, ఇక్కడిదాకా చాలు" అన్నాడు ఓయివా కంగారుగా.

"ఫర్వాలేదురా, ఓపికుంది" అన్నాడు సులో. మర్యాదకు వద్దంటున్నాడనుకున్నాడు కాబోలు.

తెల్లవారేసరికి బేకరీ ఆమె చక్రాల బండితో వచ్చింది. ఆవిణ్ణి చూసి అగ్నిమాపక దళం వాళ్ళొచ్చారు. వాళ్ళను చూసి చర్చి పాటగాళ్ళొచ్చారు. ప్రతివాడూ తనకన్నా ముందొచ్చిన వాడికి కారణం తెలుసనుకున్నాడు. మొదటివాడు తీసిన మంచు కుప్ప పక్కన పోశాడు కాబట్టి అందరూ మోసుకొచ్చి అక్కడే పోశారు. ఓయివా నాలుగుసార్లు నోరు తెరిచాడు. ఆపండి అనాలంటే ఎందుకు మొదలుపెట్టాడో చెప్పాలి. నాలుగుసార్లూ నోరు మూసుకుని తవ్వాడు.

మర్యుక్క వచ్చేసరికి బాట సగం నల్లగా తేలింది. ఆవిడ గుండె ఆగినంత పనయింది. కానీ తన బాట మీద జరుగుతున్న పని తనకే తెలియదని అందరి ముందూ ఎలా ఒప్పుకుంటుంది? కాసేపు గంభీరంగా తలాడించి, తనూ ఒక పార అందుకుంది.

నార్వే జట్టు స్కీలకు మైనం పూసే టోర్గైర్ మాత్రం పరుగెత్తుకొచ్చాడు. కొత్త మంచుకు ఏ మైనం సరిపోతుందో తేల్చుకోవడానికి అతను రెండు రోజులుగా నిద్రాహారాలు మానేశాడు. ఏం చేస్తున్నారని సులోను అడిగాడు. మంచు తీస్తున్నామన్నాడు సులో. ఎందుకని అడిగాడు. చుట్టుపక్కల వాళ్ళంతా పారలు ఆపి, పెంపకం లేని బిడ్డను చూసినట్టు అతన్ని జాలిగా చూశారు. టోర్గైర్ సిగ్గుపడి వెనక్కి వెళ్ళి, ఈ ఫిన్‌లాండ్ వాళ్ళకు మంచు గురించి మనకు తెలియనిదేదో తెలుసని తన జట్టుకు చెప్పాడు. కాసేపటికి నార్వే వాళ్ళు అవతలి వంపు దగ్గర తవ్వుతున్నారు. నార్వే వాళ్ళు తవ్వుతుంటే స్వీడన్ వాళ్ళు ఊరుకుంటారా? ఊళ్ళో పారలు అయిపోతే క్యాంటీన్ పళ్ళేలు పట్టుకుని దిగారు.

మధ్యాహ్నానికి చెరువు చుట్టూ మంచు అన్నది లేదు. నల్లమట్టి, నాచు, నిరుడు ఎవరో పారేసుకున్న కట్టుడు పళ్ళు బయటపడ్డాయి. కాఫీ వచ్చింది, యాలకుల బన్నులు వచ్చాయి. ఇంత బాగా కలిసి పని చేసి ఎన్నాళ్ళయిందోనని అందరూ నేల మీద కూర్చుని తృప్తిగా తాగారు. తాగడం అయ్యాక ఒక్కొక్కరే తలెత్తి బాట వైపు చూశారు. రేపు పొద్దున్నే పోటీ.

తీసినదంతా మళ్ళీ పోయండి అనాలంటే, ఎందుకు తీశారని ముందు అడగాలి. అది జరిగే పని కాదు. మర్యుక్క కప్పులో అడుగున మిగిలిన కాఫీని చాలాసేపు చూసింది.

"ఓయివా, నీ కుప్ప విప్పుదామా?" అంది చివరికి.

ఓయివా తల ఊపాడు.

సులో ట్రాక్టరు తెచ్చాడు, రైతులు బళ్ళు తెచ్చారు. పొట్టు పక్కకు లాగితే లోపల మంచు గట్టిగా, కాస్త నీలంగా, ఏప్రిల్లో పడుకోబెట్టినట్టే ఉంది. ఓయివా చేతి తొడుగు తీసి దాని మీద అరచెయ్యి ఆనించాడు. బళ్ళవాళ్ళు అతను చెయ్యి తీసేదాకా ఆగారు. చీకటి పడేలోగా బాట తయారైంది. అక్కడక్కడ పొట్టు కలిసి, దాల్చిన చెక్క పొడి చల్లినట్టు ఉంది.

శని, ఆదివారాలు పోటీలు బ్రహ్మాండంగా జరిగాయి. టోర్గైర్ పూసిన మైనం ఈ పాత మంచుకు సరిపోక, నార్వే కుర్రాళ్ళు ఎత్తు ఎక్కబోయి వెనక్కి జారారు. గెలిచిందెవరో ఊళ్ళో చాలామందికి ఇప్పటికీ తెలియదు. ఓయివా వంపు దగ్గర టోపీ తీసి నిలబడ్డాడు. ఒక్కొక్క ఆటగాడు దాటుతున్నప్పుడల్లా అతని పెదవులు కదిలాయి. ప్రోత్సహిస్తున్నాడనుకున్నారు. నిజానికి, మెల్లగా పొమ్మని బతిమాలుతున్నాడు.

ఆదివారం సాయంత్రం జెండాలు దింపుతుండగా మర్యుక్క అతన్ని పిలిచి, ఊరంతా తీసి పోసిన కొత్త మంచు కుప్పను చూపించింది. అది పాతదానికన్నా పెద్దది.

"ఊరంతా కలిసి చేసిన పని, కరిగిపోనిస్తే బావుండదు. యంత్రం వస్తే రానీ. పొట్టు ఎలాగూ ఇక్కడే ఉంది" అంది.

"ఊఁ" అన్నాడు ఓయివా. ఈ ఊఁ వేరు.

తర్వాత ఇద్దరు మిత్రులూ సులో ఇంట్లో సౌనాలో, ఆవిరిస్నానం గదిలో, కూర్చున్నారు. పై బల్ల మీద, ఒంటి మీద నూలుపోగు లేకుండా, చిన్నప్పటి నుంచీ కూర్చున్నట్టే. ఓయివా అడిగాడు.

"శుక్రవారం పొద్దున నేనెందుకు తవ్వుతున్నానో ఎందుకడగలేదురా?"

సులో మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకున్నాడు.

"అడిగితే నువ్వు చెప్పాల్సొచ్చేది. చెప్తే ఏడ్చేవాడివి. నువ్వు ఏడిస్తే నాకేం చెయ్యాలో తెలీదు. పార పట్టుకోవడమైతే తెలుసు."

"అయితే నీకు తెలుసా?"

"బేకరీ ఆవిడక్కూడా తెలుసు" అన్నాడు సులో. "ఆ మంచు పడ్డ రోజు నువ్వు జోకు వెయ్యకుండా బన్ను తీసుకెళ్ళావట."

ఓయివా ఏడ్చాడు. సులో కాసేపు ఏం చేయాలో తోచక అటూ ఇటూ చూసి, గరిటెడు నీళ్ళు ఎర్రగా కాగిన రాళ్ళ మీద పోశాడు. ఆవిరి లేచి గదంతా కమ్ముకుంది. అతని ఏడుపు ఆగేదాకా గరిట తర్వాత గరిట పోస్తూనే ఉన్నాడు.