మంచు ఊరి పెద్దరికం

నా చిన్నప్పుడు నేనొక రష్యా ఊరికి పెద్దగా ఉన్నాను. నది ఒడ్డున కొయ్య ఇళ్ళు, చుట్టూ మంచు, ఊరంతా నా మాట మీదే. మనవలకు ఇలాగే చెబుతుంటాను. వాళ్ళు నమ్మినంతసేపూ బాగానే ఉంటుంది.

నిజానికి అది రంగూన్‌లో, లమ్మడా పేటలోని మా ఇరుకు మేడ. ఏడంతస్తులని చెబుతాను గానీ నాలుగే. విద్యార్థులు తిరగబడ్డ రోజులవి. వీధుల్లో కాల్పులు, బజారు మూత. దేశమే తలుపులు వేసుకుంది. విశాఖ వెళ్ళే ఓడ మళ్ళీ ఎప్పుడో ఎవరూ చెప్పలేకపోయేవారు. నేనెక్కడ బయటికి పారిపోతానోనని మా తాతయ్యకు భయం. అహ్లోన్ రేవులో మూటలు మోసిన మనిషి ఆయన. అక్కడొక రష్యా నావికుడు చెప్పాడంటూ ఆ ఊరి కథ ఎత్తుకున్నాడు.

కలప తెప్పలు నడిపేవాళ్ళు చలికి చిక్కుకుపోయి కట్టుకున్న ఊరట. నది గడ్డకడితే పడవ రాదు, కబురు రాదు, పన్ను అడిగే అధికారీ రాడు. అందుకని ఊరే ఒక పెద్దను ఎన్నుకునేది. వేసవిలో తగవులు తీర్చడం, రేవు చూసుకోవడం అతని పని. చలికాలంలో మాత్రం ఒక్కటే: పొద్దున్నే ఏ ఇంట్లో పొగ లేవలేదో చూసి, వెళ్ళి ఆ తలుపు తట్టడం.

"ఈ మేడకి నువ్వే పెద్దవిరా. రోజూ పొగలు సూసి నాకు సెప్పాల," అన్నాడు.

వెనకసందు వైపు మెడ చాచి చూసి, అన్ని ఇళ్ళలోనూ పొగ ఉందని దర్జాగా వచ్చి చెప్పేవాణ్ణి. పై అంతస్తులో ఒక బర్మా ముసలమ్మ ఉండేది. అఫ్వా అనేవాళ్ళం, అంటే అవ్వ. విద్యార్థుల ఊరేగింపుకు వెళ్ళిన ఆమె కొడుకు తిరిగి రాలేదు. అందరికంటే ముందు ఆమె పొయ్యే రాజుకుంటోందని ఒకరోజు చెప్పాను.

"పొగ సరేరా. అన్నం వాసనొచ్చిందేటి?"

నిప్పు అడిగే వంకతో తాతయ్యే పైకి వెళ్ళి చూసొచ్చాడు. కుండలో ఉత్త నీళ్ళు మరుగుతున్నాయి. తన ఇంట్లో గింజ లేదని ఎవరికీ తెలియకూడదని రోజూ పొయ్యి వెలిగిస్తోంది. దాన్ని కనిపెట్టింది నేనేనని చాలామందికి చెప్పాను. కాదు.

తాతయ్య చెంబెడు నీళ్ళు తెచ్చి మండుతున్న మా పొయ్యిలో పోశాడు.

"మీకేటి, మతి పోనాదేటి?" అంది నాయనమ్మ.

"ఆవిడకాడ అబద్దమాడలేనే. ఇప్పుడు నిజంగానే ఆరిపోనాది."

మా బియ్యం పట్టుకుని ఇద్దరం పైకి వెళ్ళాం. పొయ్యి తడిసిపోయింది, మీ కుండలో కాస్త ఉడికించి పెట్టకపోతే పిల్లాడు పస్తుంటాడని తాతయ్య బర్మా మాటల్లో బతిమాలాడు. ఆమె బియ్యాన్ని చూసింది. బూడిద నీళ్ళు కారుతున్న తాతయ్య చేతుల్ని చూసింది. గుమ్మంలోంచి పక్కకు తప్పుకుంది.

బజారు తెరిచేదాకా అందరం అక్కడే తిన్నాం. మొదటి కంచం ఆమె కొడుక్కి వడ్డించేది. సాయంత్రానికి అది అలాగే ఎండిపోయేది. అతను ఎప్పటికీ రాలేదు.

ఇప్పుడు మళ్ళీ అలాంటి రోజులే, వీధుల్లో కాల్పులు, బజారు మూత. ఏ ఇంటి తలుపైనా మరీ ఎక్కువసేపు మూసి ఉంటే, మందుసీసా పట్టుకుని వెళ్తాను, దాని మీద ఏం రాసుందో చదివిపెట్టమని అడగడానికి. తలుపు తట్టే ముందు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంటాను. అప్పుడు నిజంగానే కనిపించదు.