నర్సు పిల్లా, మా కాలనీ బీపీలూ

మా కాలనీ వాళ్ళు మంచివాళ్ళే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కాసేపట్లో వాళ్ళని తిట్టబోతున్నాను. నర్సింగ్ చదివే పిల్లకి సాయం చెయ్యమంటే ఒక్కరూ కాదనలేదు, చేశారు. చేశాక ఆ పిల్ల తమ సొంత నర్సు అనుకున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ సాయం సంగతి మొదలుపెట్టింది మా వదిన, అంటే మా ఆయన అక్కగారు. బిలాస్‌పూర్ రైల్వే తెలుగువాళ్ళలో ఆవిడని ఎరగనివాళ్ళు లేరు. వాళ్ళాయన ఇంజన్ డ్రైవరుగా చేసి రిటైరై, ఆఖరి రోజుల్లో చాలాకాలం ఆస్పత్రి మంచం మీదే ఉన్నారు. అక్కడ ఒక నర్సమ్మ ఆయన్ని పక్కకి తిప్పి, వీపు తుడిచి, పుండ్లు పడకుండా కాపాడింది. ఏనాడూ విసుక్కోలేదు. "డాట్రు ఇలా వచ్చి అలా ఎలిపోతాడే. మనిషిని మనిషిలాగ సూసింది ఆ పిల్లే" అని వదిన నాతో ఎన్నిసార్లు అందో. ఆయన పోయాక మూల కూర్చుని ఏడవలేదు. డబ్బు లేక చదువాగిపోయే ఆడపిల్లల్ని నర్సింగ్‌లో చేరుస్తానని బయల్దేరింది.

ఆవిడ పద్ధతి ఆవిడది. ఎవరింట్లో పెళ్ళయినా సరే, చదివింపుల బల్ల పక్కన తనకో కుర్చీ వేయించుకుంటుంది. ఇప్పటికీ అంతే. చదివింపులు రాయించి వెనక్కి తిరిగినవాళ్ళు నేరుగా వదిన ముందుకొచ్చి పడతారు. "పెళ్ళికూతురికి సదివించినావు సరే, మరి నా కూతుళ్ళని సదివించవేటి?" అంటుంది. నవ్వుతూనే అంటుంది, చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోదు. తప్పించుకుపోయినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకైతే అలా అడగడానికి నోరు పెగలదు. ఆవిడ ధైర్యం చూస్తే నాకు కుళ్ళు కూడా.

అలా మొదట చేర్చిన పిల్లది మా ఊళ్ళోనే, దయాల్‌బంద్. తండ్రి స్టేషన్లో టీ అమ్మేవాడు, పోయాడు. తల్లి ఒక మెస్సులో రొట్టెలు చేస్తుంది. మన తెలుగు పిల్లే కానీ మాట సగం హిందీలోకి జారిపోతుంది. వదినని అత్తా అనీ, నన్ను పిన్నీ అనీ, మా ఆయన్ని బాబాయ్ అనీ పిలిచేది. మొదటిసారి తెల్ల యూనిఫాం వేసుకుని మా ఇళ్ళకి దణ్ణం పెట్టడానికి వచ్చిన రోజున కాలనీ ఆడవాళ్ళందరం బయటికొచ్చి చూశాం. సొంత పిల్లని చూసుకున్నట్టే మురిసిపోయాం.

ఆ మురిపెమే కొంప ముంచింది. మొదట ఎవరో "అమ్మా, మా బీపీ చూడ్డం వచ్చా?" అన్నారు. వచ్చంది, చూసింది. ఇంకేముంది! తరవాతి ఆదివారానికి కాలనీ మొత్తం చేతులు చాచుకు కూర్చుంది. ఒకాయనకి షుగరు, ఒకావిడకి మోకాళ్ళు. ఒక మామ్మగారికి కాలిగోళ్ళు తీయాలి. ఇంకొకాయన స్కానింగ్ రిపోర్టు తెచ్చి, డాక్టరు తన దగ్గర ఏదో దాచాడనీ, అదేమిటో చెప్పమనీ పట్టుబట్టాడు. "బాబాయ్, నేనింకా ఫస్ట్ ఇయరే, ఎముకల పేర్లే రావట్లేదు" అంటే ఒక్కరు వింటేనా!

అందరికన్నా ఘనుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా ఆయన రైలు గార్డుగా రిటైరయ్యాడు. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, చొక్కా చెయ్యి మడిచి, పెళ్ళిచూపులకి కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఆ పిల్ల బీపీ చూశాక వదిలిపెట్టేవాడా? అడవిలో గూడ్సు ఆగిపోయిన కథ ఎత్తుకునేవాడు. కథ అయ్యాక "చెప్పడంలో పెరిగిందేమో, ఇంకోసారి చూడమ్మా" అనేవాడు. నేను వంటింట్లోంచి కేకలేస్తే, "పిల్లకి ప్రాక్టీసు అవుతుంది కదే" అని నాకే నచ్చజెప్పేవాడు.

వానలు వెనకపట్టిన రోజుల్లో ఒక ఆదివారం నేను పెసరట్టు తిరగేస్తుంటే ముందుగదిలోంచి "ఓలమ్మో, చెయ్యి, చెయ్యి!" అని మా ఆయన గావుకేక. పరిగెత్తాను. ఆయన జబ్బకి పట్టా బిగించి, గాలి కొట్టి, చెవుల్లో గొట్టాలతోనే ఆ పిల్ల నిద్రపోయింది. గాలి వదిలే మర చేతిలోనే ఉంది. ఈయన చెయ్యి వంకాయ రంగుకి తిరుగుతోంది. నేను ఆ మర తిప్పి, పట్టా ఊడదీసి, పిల్లని కుదిపి లేపాను. కళ్ళు తెరిచి, ఏం జరిగిందో అర్థమై, ఒక్కసారిగా భోరుమంది.

అప్పుడు బయటపడింది సంగతి. "అనాటమీలో పోయింది పిన్నీ. వచ్చే నెల సప్లిమెంటరీ. అందులో కూడా పోతే ఇయర్ బ్యాక్, మళ్ళీ ఫస్ట్ ఇయరే. అమ్మ అంది, బస్, ఇంక చాలు, అది కూడా పోతే బట్టల షాపులో చేరిపొమ్మంది." వారమంతా వార్డులో డ్యూటీ, సాయంత్రం క్లాసులు. చదువుకోడానికి మిగిలేది ఒక్క ఆదివారం. ఆ ఆదివారాన్ని మేము పంచుకు తినేశాం.

"నోరు విప్పి చెప్పొచ్చు కదే తల్లీ" అన్నాను.

"ఎలా చెప్పను పిన్నీ? నాకోసం అంత చేసినవాళ్ళని, మీ బీపీ చూడనని ఎలా అంటాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ముందు మా ఆయన మీద, తరవాత కాలనీ మీద. చీర కొంగు బిగించి పక్క సందులో ఉన్న వదిన ఇంటికి వెళ్ళి అంతా చెప్పేశాను. వదిన బియ్యం ఏరుతోంది. విన్నంతసేపూ చేట దించలేదు. విన్నాక మాత్రం, "శనివారం బజనుంది కదేటి?" అంది. అంతే. నాకు అప్పుడే కాస్త భయం వేసింది.

శనివారం తెలుగు సంఘం హాల్లో భజన అయింది. హారతి కళ్ళకద్దుకుని అందరూ పులిహోర కోసం కూర్చున్న సమయం చూసి వదిన లేచింది. పులిహోర ముందు నుంచి ఎవరూ కదలరని ఆవిడకి తెలుసు.

"ఈ గుంటని మీరు సదివిత్తన్నారా, జీతానికెట్టుకున్నారా? ఏటి మీ ఉద్దేశం?" అంది. అనాటమీ సంగతి చెప్పింది. ఈసారి తప్పితే పిల్ల బట్టల కొట్లో తేలుతుందని చెప్పింది. తమ్ముడని కూడా చూడకుండా, వంకాయ రంగు చెయ్యి సంగతి సభలో పెట్టేసింది. మా ఆయన తలెత్తితే ఒట్టు.

ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయనకి కోపం వచ్చింది. "ఏమిటమ్మా ఇది? వారానికోసారి బీపీ చూస్తే అరిగిపోతుందా? ఇలా అయితే నేను ఇకమీదట ఇవ్వను" అన్నాడు.

"మానీ బాబూ. నీ వాటా ఇంకో పెళ్ళిలో తెచ్చుకుంటాను" అంది వదిన. హాల్లో కిసుక్కున నవ్వులు. ఆయన కూడా కాసేపటికి పులిహోర అందుకున్నాడు.

వెనక వరసలోంచి ఎవరో జాలిగా అడిగారు. "మరి మా బీపీలు ఎవరు చూస్తారు?"

"నాను సూత్తాను."

ఈసారి హాలంతా గొల్లుమంది. వదిన మాత్రం నవ్వలేదు.

ఆవిడ చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. అయితేనేం, అంకెలు వచ్చు. కొడుకు చేత మీట నొక్కితే పనిచేసే మిషను కొనిపించింది. ఒక సాయంత్రం ఆ పిల్లనే కూర్చోబెట్టుకుని నేర్చుకుంది. వెన్ను ఆనించి కూర్చోవాలి, పాదాలు నేలకి తాకాలి, ముందు అయిదు నిమిషాలు కదలకూడదు, మాట్లాడకూడదు, టీ తాగకూడదు. నేర్చుకున్నంతసేపూ జబ్బ నాది. మర్నాటికి నొప్పి పుట్టింది కానీ, ఆవిడ పట్టుదల చూస్తే ముచ్చటేసింది.

ఇక ఆదివారాలు వదిన వరండాలో. అయిదు నిమిషాలు మాట్లాడకూడదన్న రూలు మా మగవాళ్ళకి ఉరిశిక్ష అయింది. మా ఆయన గూడ్సు కథ ఎత్తుకోబోతే, "నోరు మూసీ. మళ్ళీ మొదట్నుంచి అయిదు నిమిషాలు" అనేది. "అప్పా, నేనింకా ఏమీ అననేలేదు!" అని అక్కని బతిమాలేవాడు. "అదిగో, అన్నావు. మళ్ళీ మొదట్నుంచి." జీవితంలో ఆయన్ని అంతసేపు మౌనంగా చూడ్డం నాకదే మొదలు. దేవుడి మీద నమ్మకం కుదిరింది.

ఒక ఆదివారం ఊరి చివర మంగ్లా నుంచి కూరలు తెచ్చే ఆవిడ గంప దించి ఈ తతంగమంతా చూస్తూ నిలబడింది. "మోరో ల దేఖ్ దే, దాయీ" అంటూ, నాదీ చూడమ్మా అని ఛత్తీస్‌గఢీలో అడుగుతూ తనూ చెయ్యి చాచింది. మిషను చూపించిన అంకె చూసి వదిన గాభరా పడింది. ఆవిడకి ఇంతవరకు ఎవరూ బీపీ చూడలేదట. మర్నాడు వదినే ఆటో ఎక్కించి ప్రభుత్వాస్పత్రికి తీసికెళ్ళి, లైన్లో నిలబడి, చూపించి, మందులు ఇప్పించింది. ఆ తరవాత ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు, స్టేషన్లో ఊడ్చేవాళ్ళు, రిక్షావాళ్ళు వరసగా రావడం మొదలుపెట్టారు. కాలనీ వాళ్ళు వెనక్కి జరగాల్సి వచ్చింది. పెళ్ళిళ్ళలో వదిన చెయ్యి చాచేటప్పుడు ఇప్పుడు మందుల మాట కూడా చేరింది. నేను ఆవిడకి మరదల్ని కాబట్టి మొహం మీద పొగడను. కానీ ఆ వరండాలో ఆవిడ వంగి ఒక్కొక్కరి జబ్బకి పట్టా కడుతుంటే గర్వంగా చూస్తూ నిలబడిపోయేదాన్ని.

ఆ పిల్లేమో ఆ ఆదివారాలన్నీ మా వెనకగదిలో. ఎక్కడుందని అడిగితే తెలీదని చెప్పమని మా ఆయన చేత ఒట్టు వేయించాను. నేను రైల్వే ఆఫీసులో క్లర్కు పని చేసినదాన్ని, ఇంగ్లీషు చదవగలను. పుస్తకం నా చేతిలో పెట్టుకుని అడిగేదాన్ని, తను అప్పజెప్పేది. కాళ్ళ దాకా బాగానే వచ్చేది, మణికట్టు దగ్గరికి వచ్చేసరికి తడబడేది. ఒక్క మణికట్టులో దేవుడు అన్నేసి ఎముకలు ఎందుకు పెట్టాడో! కుదరక పుస్తకం మూసి ఏడ్చిన రోజులున్నాయి. "పోతుంది పిన్నీ, మళ్ళీ పోతుంది" అనేది. "నోర్ముయ్, చదువు" అనేదాన్ని. పైకి అలా అనేదాన్నే కానీ, బట్టల షాపు నా కళ్ళ ముందే ఆడేది.

పరీక్ష రాసింది. ఫలితం వచ్చిన రోజున ఫోను పట్టుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, దాన్ని నా మొహం ముందు పెట్టింది. పాసైంది! నేను దాన్ని గట్టిగా పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలీదు. తల్లి ఆ సాయంత్రం మెస్సులో అందరికీ తన ఖర్చుతో హల్వా చేసి పెట్టిందట.

ఆ ఆదివారం అది మిఠాయి పొట్లం పట్టుకుని వదిన వరండాకి వచ్చింది. అందరం ఉన్నాం. మా ఆయన చెయ్యి అలవాటుగా చొక్కా మీదికి పోయింది. "ఇవాళ దాని జోలికెవలైనా ఎల్తే సూడండి" అంది వదిన. పిల్ల అందరికీ మిఠాయి పంచి, వదిన దగ్గరికొచ్చి ఆగింది.

"అత్తా, నీ బీపీ ఎంత?"

"నాదేటి? నాకేటీ లేదు."

"ఎప్పుడు చూసుకున్నావు?"

వదిన మిషను పట్టా సర్దడం మొదలుపెట్టింది. మేము మొహమొహాలు చూసుకున్నాం. అన్ని ఆదివారాలు చేతులు చాచాం కానీ, ఆవిణ్ణి ఆ మాట అడగాలని ఒక్కరికీ తోచలేదు. నాక్కూడా.

పిల్ల ఆవిణ్ణి కుర్చీలో వెన్ను ఆనించి కూర్చోబెట్టింది. వదిన ఏదో అనబోతే పెదవి మీద వేలు పెట్టింది. అయిదు నిమిషాలయ్యాక చూసింది. కాసేపాగి మళ్ళీ చూసింది. రెండో చేతికి కూడా చూసింది.

"అత్తా, తలనొప్పి వస్తోందా?"

"వత్తాది. ఎండకి."

"కళ్ళు మసకగా ఉంటున్నాయా?"

"కళ్ళద్దాలు మార్పించాల. సాల్లేవే, రేపు ఎల్దాం ఆస్పత్రికి. ఇవాళ నీ పండగ."

"రేపు కాదు అత్తా, ఇప్పుడే. చీర మార్చుకోవద్దు. బాబాయ్, ఆటో పిలవండి. పిన్నీ, అత్త చెప్పులు, ఆస్పత్రి కార్డు తెండి. నేను పక్కన కూర్చుంటాను."

గొంతు పెంచలేదు. మాట మెత్తగానే ఉంది. కానీ బతిమాలడం లేదు. ఎవరికీ కాదని చెప్పలేక మా ఇంట్లో చెవిలో గొట్టాలతో నిద్రపోయిన పిల్లేనా ఇది అనిపించింది. వదినకి అలా చెప్పేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఇప్పుడు విరుచుకుపడుతుందనే అనుకున్నాను.

వదిన దాని మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్ళు నిండిపోయాయి. నా వైపు తిరిగి, "సూసినావేటే," అంది, "మన గుంట నర్సయిపోనాది."

లేచి, దాని చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఆటో ఎక్కేదాకా నవ్వుతూనే ఉంది. తన బీపీ ఎంతుందో అడగనే లేదు.